పట్టాదారుకి చుట్టాలెవరు?

మన కాలేజీలో ఎవరు ఎదురైనా పేరు తర్వాత అడిగేది ఒకటే, "ఏ బ్రాంచి?" అని. భాషలకీ బ్రాంచీలుంటాయి. ఇరానీ భాషల కుటుంబంలో నైరుతి శాఖ అని ఒకటుంది. ఫార్సీది ఆ శాఖ. తజికిస్తాన్‌లో మాట్లాడే తజిక్, అఫ్గానిస్తాన్‌లోని దరీ, ఇరాన్ పడమటి కొండల్లోని లూరీ దాని సొంత క్లాస్‌మేట్లు. కుర్దిష్, బలూచీ, కాస్పియన్ తీరంలోని గీలకీ, మాజందరానీ వాయవ్య శాఖవి. పష్తో తూర్పు శాఖది. అందరూ ఒకే క్యాంపస్, సెక్షన్లు వేరు.

"ఈసీఈ అమ్మాయివి, నీకు ఫార్సీ దేనికి?" అని క్లబ్బులో అడిగారు. జవాబు కీసరలో మా ఇంట్లో, మంచం కింద ట్రంకు పెట్టెలో ఉంది. మా ముత్తాత దున్నిన రెండెకరాల పది గుంటల తాలూకు కాగితాలవి. ఉర్దూలో ఉంటాయి. మా ఇంట్లో ఎవరికీ ఉర్దూ చదవడం రాదు. మాట్లాడటం నాన్నకి బ్రహ్మాండంగా వచ్చు, చదవమంటే మాత్రం అక్షరం రాదు. ఆ భూమి ఇప్పుడు మా చేతిలో లేదు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక దాని పక్కన గజం ధర ఎంతుందో కీసర వైపు నుంచి బస్సెక్కే ఎవర్నడిగినా చెప్తారు. మా నానమ్మ మాత్రం చిన్నప్పట్నుంచి ఒక్కటే మాట చెప్పేది. "మనం శిక్మీదార్లం బిడ్డా. మనకు హక్కుంది." శిక్మీదార్ అంటే ఏంటో ఆమెకీ తెలియదు, నాన్నకీ తెలియదు. అదేదో గౌరవమైన బిరుదులాగా ఇంట్లో తిరుగుతుండేది.

ఆ మాట పట్టుకుని వెళ్తే ఎక్కడెక్కడికో వెళ్ళాను.

మొదట చివరి ముక్క, "దార్". పట్టాదారు, కౌలుదారు, అనుభవదారు, ఇనాందారు, తహసీల్దారు, జమీందారు. భూమి కాగితాల్లో ఏ వరుస చూసినా చివర ఈ "దారు" ఉంటుంది. ఇది ఫార్సీ ముక్క. పట్టుకున్నవాడు, కలిగినవాడు అని అర్థం. ముందు మాట ఏ భాషదైనా దీనికి అభ్యంతరం లేదు. పట్టా మన దేశపు మాట, కౌలు అరబ్బీ, అనుభవం సంస్కృతం. అన్నిటికీ ఒకే తోక. సీ ప్లస్ ప్లస్‌లో టెంప్లేట్ లాంటిదని మా రూమ్మేట్ అంది. పోలిక బాగానే ఉంది.

సంస్కృతంలో "ధృ" అని ఒక ధాతువు ఉంది. పట్టుకోవడం, మోయడం దాని అర్థం. ధరించడం, ధారణ, ధర్మం అన్నీ అందులోంచి వచ్చినవే. అందర్నీ మోసేది కాబట్టి భూమికి "ధరణి" అని పేరు. సంస్కృతానికీ ఇరానీ భాషలకీ తల్లి ఒకటే. ఆ తల్లి దగ్గరున్న ఈ ధాతువే ఇరాన్ వైపు ఒత్తు పోగొట్టుకుని "దార్" అయింది. ఇరానీ భాషలన్నీ ఒత్తులు వదిలేశాయి. భ్రాత అక్కడ బరాదర్, బంధం అక్కడ బంద్. (మా నానమ్మ కూడా ధరణిని "దరణి" అనే అంటుంది. ఒత్తుల విషయంలో ఆమెది ఇరాన్ పార్టీ.) 2020 అక్టోబరులో మన రాష్ట్రంలో భూముల రికార్డులకి ధరణి అని పోర్టల్ వచ్చింది. ఆ పోర్టల్ ఉన్న రోజుల్లో అందులో పట్టాదారు పేరు వెతికినప్పుడల్లా ఎప్పుడో నాలుగు వేల ఏళ్ళ కింద విడిపోయిన ఒక ధాతువుని దాని రెండో ముక్కతో కలిపామని ఎంతమందికి తెలుసు? "ధర", "దార్" ఒకే స్క్రీన్ మీద!

ఈ ధాతువు పాత రాజుల పేర్లలో కూడా ఉంది. పారశీక చక్రవర్తి డరయస్ అసలు పేరు దారయవహు. మంచిని పట్టి నిలిపేవాడని అర్థం. సంస్కృతంలో చెప్పాలంటే "ధారయ", "వసు". క్రీస్తుకు పూర్వం 520 ప్రాంతంలో బిసుతూన్ కొండ మీద మూడు భాషల్లో అతను చెక్కించిన శాసనం ప్రాచీన పారశీకానికి పెద్ద ఆధారం. అది ఇప్పటి ఫార్సీకి పెద్ద ముత్తాత. నైరుతి శాఖకి మనకు దొరికిన తొలి గొంతు కూడా అదే.

శాఖల తేడా ఎలా కనిపెడతారో చెప్తాను, నాకు బాగా నచ్చిన భాగం ఇదే. అల్లుడిని తెలుగులో పాత పుస్తకాల భాషలో జామాత అంటాం. సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. బలూచీలో జామాస్. అయితే ఆ "జ" మన జ కాదు, జీబ్రాలో మనం పలకలేక మామూలు జ అనేసే ధ్వని. కుర్దిష్‌లో జావా, అదే ధ్వనితో. ఫార్సీలో మాత్రం దామాద్. మిగతా చుట్టాలందరూ "జ" అనేచోట నైరుతి వాళ్ళు "ద" అంటారు. ఇంకోటి: తెలుసుకోవడానికి సంస్కృతం జ్ఞా, కుర్దిష్, బలూచీ భాషల్లో జాన్, ఫార్సీలో దాన్. హిందీ పాటల్లో వినే "నాదాన్" అందులోంచే వచ్చింది, తెలియనివాడు అని. మన అజ్ఞాని అన్నమాట. ఈ ఒక్క టెస్టుతో ఒక మాట ఏ సెక్షన్‌దో చాలావరకు చెప్పేయొచ్చు.

చాలావరకు అన్నాను, ఎందుకంటే ఒక మాట దగ్గర ఫార్సీ దొరికిపోతుంది. ఈ లెక్క ప్రకారం నేలని ఫార్సీలో "దమీన్" అనాలి. కానీ అంటున్నది "జమీన్". అది వాయవ్య శాఖ చుట్టాల నోటి ఉచ్చారణ. పక్కింటి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అంటే జమీన్ అనే మాటకి ఫార్సీ పట్టాదారు కాదు, కౌలుదారు! ఇది చదివిన రోజు హాస్టల్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇక "స" సంగతి. సంస్కృతంలో స ఉన్నచోట ఇరాన్ వైపు చాలాసార్లు హ వస్తుంది. సింధు హిందు అయినట్టు. సప్త అక్కడ హఫ్త్. ఊళ్ళో గుడి దగ్గర ఏడు రోజులు భజన చేస్తే సప్తాహం, ఫైనాన్స్ వాడు ఏడు రోజులకోసారి వచ్చి తీసుకుపోయేది హఫ్తా. ఒకే ఏడు. సహస్రం అక్కడ హజార్. బందోబస్తు అనే మాటలో బంద్, బస్త్ రెండూ ఒకే క్రియ నుంచి వచ్చాయి. మన వైపు చెప్పాలంటే బంధం, బద్ధం. సర్కారు అంటే సర్, కార్: శిరస్సు, కార్యం. తల ఉన్నవాళ్ళు చేసే పని అనుకోవాలి, అభిప్రాయాలు వేరుగా ఉండొచ్చు.

తెలుగుకి ఈ కుటుంబంతో రక్తసంబంధం లేదు. మనం ద్రావిడ భాషల వాళ్ళం. కానీ ఒకే తల్లి పిల్లలు ఇద్దరు రెండు వేర్వేరు దారుల్లో మనింటికి వచ్చారు. ఒకరు గుడి వైపు నుంచి, ఇంకొకరు కచేరీ వైపు నుంచి. పెద్దక్క సంస్కృతం వచ్చి పూజగదిలో కూర్చుంది. చెల్లెలు ఫార్సీ వచ్చి బీరువా తాళాలు తీసుకుంది. దస్తావేజు, దరఖాస్తు, రాజీనామా, పంచనామా అన్నీ ఆమె బీరువాలోవే. వీలునామా అయితే ఇంకా తమాషా, ఇంగ్లీషు విల్‌కి ఫార్సీ నామా తగిలించాం. వస్తూ వస్తూ ఆమె అరబ్బీ సామాను కూడా బోలెడు మోసుకొచ్చింది. హక్కు, ఖరీఫ్, రబీ, చివరికి "రైతు" కూడా అరబ్బీ నుంచి ఫార్సీ మీదుగా వచ్చినదే. రైతు అచ్చ తెలుగు మాట కాదంటే మా నాన్న ఇప్పటికీ ఒప్పుకోరు.

ఈ చెల్లెలు ఇంత దూరం ఎలా వచ్చిందో మన నగరం చరిత్రలోనే ఉంది. గోల్కొండలో కుతుబ్‌షాహీ వంశం మొదలుపెట్టిన సుల్తాన్ కులీ ఇరాన్ పడమటి వైపున్న హమదాన్ నుంచి వచ్చినవాడు. 1591లో హైదరాబాద్ కట్టినప్పుడు పేష్వాగా ఉన్న మీర్ మొమిన్ కాస్పియన్ తీరం దగ్గరి అస్తరాబాద్ వాడు. మరీ ఆశ్చర్యం ఏమిటంటే, ఫార్సీ భాషకి పేరుమోసిన నిఘంటువుల్లో ఒకటైన "బుర్హానె ఖాతె" ఇరాన్‌లో తయారవలేదు, మన గోల్కొండలో తయారైంది. తబ్రీజ్ మూలాలున్న ముహమ్మద్ హుసేన్ 1651-52లో దాన్ని పూర్తిచేసి అబ్దుల్లా కుతుబ్‌షాకి అంకితమిచ్చాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత ఢిల్లీలో గాలిబ్ దాంట్లో తప్పులు పడుతూ ఇంకో పుస్తకం రాస్తే పెద్ద గొడవే అయింది. మన దగ్గర తయారైన డిక్షనరీ మీద ఢిల్లీలో కొట్టుకున్నారంటే నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

అసఫ్‌జాహీల కాలంలో 1880ల దాకా రాజ్యభాష ఫార్సీనే. ఆ తర్వాత ఉర్దూ వచ్చింది. కచేరీ పదాలు మాత్రం కదల్లేదు. 1985లో మండలాలు వచ్చి ఎమ్మార్వో అన్నారు, మళ్ళీ తిరిగి తహసీల్దార్ దగ్గరికే వచ్చాం.

సికింద్రాబాద్‌లో ఇరానీ చాయ్ తాగేటప్పుడు ఇంకో విషయం గుర్తుపెట్టుకోండి. మన దగ్గర ఇరానీ హోటళ్ళు పెట్టినవాళ్ళలో చాలామంది యజ్ద్ ప్రాంతం నుంచి, ఎక్కువగా బొంబాయి మీదుగా వచ్చినవాళ్ళు. ఆ యజ్ద్‌లోనే జొరాస్ట్రియన్లు ఇంట్లో మాట్లాడుకునే ఒక భాష ఉంది, వాళ్ళు దాన్ని కూడా దరీ అంటారు. అఫ్గాన్ దరీకీ దీనికీ సంబంధం లేదు. ఇది ఫార్సీ శాఖది కూడా కాదు, వాయవ్యం వైపుది. ఒకే ఊళ్ళో రెండు బ్రాంచీలు. మనకి అందరూ "ఇరానీ"లే.

భాషలు ఎక్కడెక్కడ తేలతాయో చూస్తే దిక్కుల పేర్లు చూసి మోసపోకూడదనిపిస్తుంది. బలూచీ వాయవ్య శాఖది. ఉండేదేమో ఇరానీ ప్రపంచానికి ఆగ్నేయ మూలన, బలూచిస్తాన్‌లో. సివిల్ వాడు సీఎస్ఈ బ్లాకులో హాస్టల్ రూమ్ తీసుకున్నట్టు. అక్కడ వాళ్ళ పక్కింట్లో ఎవరున్నారో తెలుసా? బ్రాహుయీ. అది మన చుట్టం, ద్రావిడ భాష. రెండుకి ఇరట్, మూడుకి ముసిట్ అంటారు. మన ఇరు, మూడు వినబడట్లేదూ? కంటిని "ఖన్" అంటారు, కన్నే కదా. అయితే నాలుగు నుంచి వాళ్ళ అంకెలు ఇరానీవి: చార్, పంచ్. మూడు దాకా సొంతం, ఆ పైన అరువు. మన మనిషి వాళ్ళ ఇళ్ళ మధ్య, వాళ్ళ మనిషి మన బీరువాలో. లెక్క సరిపోయింది.

కీసరలో తెలుగు మాత్రం చాలా పాతది. గుట్ట మీద రామలింగేశ్వరుడి దర్శనానికి శివరాత్రికి లక్షల మంది వస్తారు కానీ, అక్కడ ఒక బండ మీద "తొలచువాండ్రు" అని చెక్కి ఉన్న సంగతి చాలామంది పట్టించుకోరు. విష్ణుకుండినుల కాలం నాటిదంటారు. రాళ్ళు తొలిచేవాళ్ళు అని అర్థం. రాజు పేరు లేదు, దానం వివరం లేదు, పని చేసినవాళ్ళ పేరు మాత్రం ఉంది. తొలచు, ఇప్పటికీ అదే మాట. ఆ గుట్ట కింద పొలాలకి సంబంధించిన కాగితాల్లో మాత్రం, దున్నినవాడి పేరు పక్కన ఏ మాట రాయాలన్నా వేరే భాష నుంచే రావాల్సివచ్చింది. నాకు ఇది బాధా కాదు, గర్వమూ కాదు. కానీ ఆ వేరే భాష మాట ఏమిటన్నది మా ఇంట్లో అన్నం సంగతి.

మొన్న సెలవుల్లో నాన్నా నేనూ ట్రంకు పెట్టెలోని కాగితం తీసుకుని మేడ్చల్ దగ్గరున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. ఉర్దూ మీడియంలో చదివి, పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైనాయన. కళ్ళజోడు మీద భూతద్దం కూడా పెట్టారు. కాగితం షికస్తాలో ఉంది. షికస్తా అంటే విరిగినది అని అర్థం, రెవెన్యూ గుమాస్తాలు వేగంగా రాసిన గొలుసుకట్టు రాత. చుక్కలు ఎగిరిపోతాయి, విడిగా ఉండాల్సిన అక్షరాలు కూడా అతుక్కుపోతాయి.

మొదట తారీఖు చదివారు. "మెహర్, 1350 ఫసలీ." ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. నిజాం రాజ్యంలో ఏడాది అక్టోబరులో ఆజుర్ నెలతో మొదలయ్యేది, మెహర్ పదకొండోది. అంటే 1941 ఆగస్టు ప్రాంతం. అప్పటికే ఈ సంగతులు చదివి ఉన్నాను కాబట్టి ఆ నెల పేరు వినగానే ఒళ్ళు ఝల్లుమంది. హైదరాబాద్ ఫసలీ నెలలన్నీ పాత ఇరాన్ దేవతల, భావనల పేర్లు. మెహర్ అంటే మిథ్ర, మన వేదాల్లో మిత్రుడు. ఆబాన్ నీళ్ళు, మన ఆపః. ఆర్దిబెహెష్త్‌ని విప్పితే ఋతం, వసిష్ఠం. ఇస్లాం రాకముందు నాటి ఇరాన్ పంచాంగం నిజాం గారి కచేరీలో కూర్చుని మా ముత్తాత కౌలు లెక్క రాసింది.

"సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ఇటు దిక్కు చాన ఉండె బేటీ," అన్నారాయన. నిజాం సొంత ఖర్చుల కోసం పెట్టుకున్న భూములని సర్ఫ్-ఎ-ఖాస్ అంటారు. నగరం చుట్టూ ఉన్న జిల్లాని అత్రాఫ్-ఎ-బల్దా అనేవాళ్ళు, పట్నం చుట్టుపక్కల అని. మధ్యలో ఉన్న ఆ "ఎ" ఫార్సీ వాళ్ళ జిగురు. మనం కీసర గుట్ట అంటాం, వాళ్ళు గుట్ట-ఎ-కీసర అంటారు. ఒకప్పుడు మన మేడ్చల్, శామీర్‌పేట వైపు పందిళ్ళ నిండా కాసిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పేరులోనూ ఆ జిగురే. ఆ పందిళ్ళు ఇప్పుడు వెంచర్లయ్యాయి.

అసలు మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగారు. వెంటనే చెప్పలేదు. పై వరుసలో పట్టాదార్ అని ఉన్నచోటికి వెళ్ళి చూశారు, మళ్ళీ కిందికి వచ్చారు. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. మామూలుగా ఆయన అలా పట్టుకోరు.

"ఆసామీ శిక్మీ," అన్నారు.

"శిక్మీదార్ కాదా సాబ్?" అన్నారు నాన్న.

"కాదు. ఈ రాసినాయన దార్ ఎట్ల రాస్తడో పైన చూసిన కదా, దాల్‌కు ఇట్ల తోక గుంజుతడు. ఇక్కడ అది లేదు. శిక్మీ కాడికే ఆపిండు. ముందుగాల ఆసామీ అని సాఫ్‌గా ఉన్నది."

శికమ్ అంటే ఫార్సీలో కడుపు. శిక్మీ అంటే ఇంకొకడి పట్టా కడుపులో ఉండే హక్కు. 1317 ఫసలీ నాటి హైదరాబాద్ భూమిశిస్తు చట్టం రెండు మాటలకీ విడివిడిగా అర్థం చెప్పింది. శిక్మీదార్ అంటే పట్టాదారులాగే భూమి మీద హక్కున్నవాడు, లేదా మొదట్నుంచీ అతనితో కలిసి అనుభవంలో ఉన్నవాడు. ఆసామీ శిక్మీ అంటే కౌలుకి తీసుకున్నవాడు. ఇన్నాళ్ళూ మా నానమ్మ చెప్పిన మాటలో సగం నిజం. ఆమె నోట్లో అదనంగా చేరింది ఒక్క "దార్", ఆ ఒక్క ముక్క విలువే రెండెకరాల పది గుంటలు. తెలుగులో "బడా ఆసామి" అంటే డబ్బున్న పెద్దమనిషి. కాగితం మీద ఆసామీ అంటే మా ముత్తాత.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద నాన్న ఏమీ మాట్లాడలేదు. శామీర్‌పేట చెరువు దాటాక "నానమ్మకి ఇప్పుడే చెప్పకు" అన్నారు. సరే అన్నాను. ఎనభై దాటిన మనిషికి ఒక ప్రత్యయం తీసేసి చూపించి ఏం సాధిస్తాం?

అయితే కథ పూర్తిగా అయిపోలేదు. నాన్నకి తెలిసిన లాయరు ఆ కాగితం జిరాక్సు చూసి, కౌలుదారే అయినా ఇంకో దారి ఉండొచ్చన్నారు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. దాని కింద రక్షిత కౌలుదారులని గుర్తించి రిజిస్టర్లు తయారుచేశారు. 1941లో ఆసామీ శిక్మీగా ఉన్న మనిషి అప్పటికీ అదే చెలకలో ఉండి, అందులో పేరెక్కి ఉంటే లెక్క వేరు. లేకపోతే లేదు. ఆశ పెట్టుకోవద్దని కూడా ఆయనే అన్నారు.

ఆ రిజిస్టరు నకలు కావాలని అడుగుతూ నిన్న రాత్రి దరఖాస్తు రాశాను, తెలుగులో. సర్వే నంబరు, ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, అన్నీ ఆ పెద్దాయన చదివిన వరుసలోనే. నాన్న రెండుసార్లు చదివించుకున్నారు. కింద "దరఖాస్తుదారు" అన్నచోట వేలు పెట్టి, "ఇక్కడేనా?" అని అడిగి సంతకం చేశారు.